గుర్రం మీద సీటు కుదరాలంటే

సివిల్స్‌లో ర్యాంకు కొట్టి ఐపీఎస్‌కు ఎంపికైనవారు హైదరాబాద్ శివరాంపల్లిలోని నేషనల్ పోలీస్ అకాడమీకి వస్తారు. చట్టాలు, దర్యాప్తు, ఆయుధాలతో పాటు గుర్రపు స్వారీ కూడా అక్కడి శిక్షణలో భాగమే. పుస్తకాలతో నెగ్గుకొచ్చినవారికి పుస్తకం అక్కరకు రాని పరీక్ష అది. గుర్రం ఎదురయ్యే దారులు ఇంకా ఉన్నాయి. ఎన్‌సీసీలో రిమౌంట్ అండ్ వెటర్నరీ విభాగం ఉంది, దాని యూనిట్లు హైదరాబాద్‌లోనూ తిరుపతిలోనూ ఉన్నాయి. వెటర్నరీ డిగ్రీ చేసినవారు సైన్యంలోని రిమౌంట్ వెటర్నరీ కోర్‌లో అధికారులుగా చేరవచ్చు. జైపూర్‌లో 61వ కావల్రీ, ఢిల్లీలో రాష్ట్రపతి అంగరక్షక దళం, మన హైదరాబాద్‌లో నగర పోలీసుల అశ్వదళం ఉన్నాయి. మలక్‌పేట రేస్‌కోర్సుది వేరే లోకం. అయితే జాకీ కావాలంటే ఒళ్లు బాగా తేలిగ్గా ఉండాలి.

2023 హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మన డ్రెసాజ్ జట్టు స్వర్ణం గెలిచింది. స్వారీలో భారత్‌కు 1982 తర్వాత దక్కిన తొలి స్వర్ణం అదే. ఆ తర్వాత ఈ విద్య మీద పిల్లల్లో ఆసక్తి కలిగితే మంచిదే కానీ, ఒక్క స్వారీనే నమ్ముకుని బతకగలిగే ఉద్యోగాలు మన దగ్గర తక్కువ. డిగ్రీకో, ఎన్‌సీసీ సర్టిఫికెట్‌కో, పశువైద్యానికో తోడుగా నేర్చుకుంటే అక్కరకొస్తుంది. ఏ దారిలో వెళ్లినా మొదటి గండం మాత్రం ఒకటే. జీను మీద కూర్చోగానే వణుకు పుడుతుంది.

‘ముందు భయం పోగొట్టుకో, స్వారీ అదే వస్తుంది’ అని చాలామంది ధైర్యం చెబుతారు. నా లెక్కలో అది తలకిందుల సలహా. జీను మీద నిలకడ కుదిరితేనే భయం తగ్గుతుంది, ధైర్యం ముందుగా తెచ్చిపెట్టుకుంటే వచ్చేది కాదు. పైగా భయపడ్డప్పుడు ఒళ్లు తనంతట తాను చేసే పనులన్నీ పడిపోవడానికే దారితీస్తాయి. కొత్తవారు ముందుకు వంగుతారు, మోకాళ్లతో జీనును నొక్కిపడతారు, మడమలు పైకి లేపుతారు, పగ్గాలు పట్టుకుని వేలాడతారు. మోకాళ్లు బిగిసేకొద్దీ పిరుదులు జీను నుంచి పైకి లేస్తాయి, పిక్కలు వెనక్కి జారతాయి. పగ్గం లాగితే కళ్లెం నోట్లో నొక్కుకుని గుర్రం తల ఎగరేస్తుంది. మన ఒళ్లు ముందుకు ఒరిగితే ‘వేగం పెంచమంటున్నాడు’ అని అది అనుకోవచ్చు. అప్పుడు మనం ఇంకా గట్టిగా పట్టుకుంటాం.

సుమారు 2,400 ఏళ్ల కిందట గ్రీకు సేనాని జెనోఫోన్ స్వారీ గురించి పుస్తకం రాశాడు. గుర్రం మీద కుర్చీలో కూర్చున్నట్టు కాకుండా కాళ్లు ఎడంగా పెట్టి నిలబడ్డట్టు ఉండాలన్నది ఆయన మాట. అప్పటి గ్రీకులకు పాదాలు పెట్టుకునే రికాబులే లేవు. నేటి శిక్షకులు చెప్పేదీ దాదాపు అదే: పక్క నుంచి చూసినవారికి చెవి, భుజం, తుంటి, మడమ ఒకే నిలువు గీతలో కనిపించాలి. గుర్రాన్ని కింద నుంచి హఠాత్తుగా తప్పిస్తే మీరు వెల్లకిలా పడకుండా రెండు కాళ్ల మీద నిలబడగలగాలి. ఫోన్‌లో పక్క నుంచి వీడియో తీయించుకుని చూడండి. మీరు ఊహించుకున్న భంగిమకీ అసలుదానికీ ఎంత తేడా ఉందో తెలుస్తుంది.

వియన్నాలోని స్పానిష్ రైడింగ్ స్కూల్‌లో కొత్తగా చేరినవారికి పగ్గాలు వెంటనే ఇవ్వరు, రికాబులూ ఉండవు. శిక్షకుడు మధ్యలో నిలబడి పొడవాటి పగ్గంతో గుర్రాన్ని గుండ్రంగా తిప్పుతుంటాడు. శిష్యుడు నెలల తరబడి కూర్చోవడం మాత్రమే నేర్చుకుంటాడు. తర్ఫీదు పొందిన పాత గుర్రాలే వారికి గురువులు. మన రైడింగ్ స్కూళ్లలో అంత ఓపిక ఎవరికీ ఉండదు. అయినా మీరు అడిగితే నేర్పించే ఉస్తాద్ కొన్ని క్లాసులైనా అలా చేయించకపోరు. గుర్రం నడుస్తుంటే చేతులు పక్కలకు చాచండి, నడుము పైభాగాన్ని అటూ ఇటూ తిప్పండి, పాదాలను గుండ్రంగా తిప్పండి. ఉస్తాద్ సరేనంటే కాసేపు కళ్లు మూసుకోండి. ఏ కాలు ఎప్పుడు పడుతోందో తుంటికి తెలుస్తుంది. రికాబులు వదిలేసి చేసే సాధన కొద్దిసేపు చాలు. తొడలు అలిసిపోతే మళ్లీ బిగిస్తాం, గుర్రం వీపూ నొచ్చుకుంటుంది.

అసలు చిక్కు ట్రాట్ దగ్గర, అంటే గుర్రం మెల్లగా పరుగందుకున్నప్పుడు మొదలవుతుంది. నడకలో నాలుగు దెబ్బలు, ట్రాట్‌లో రెండే. ఐమూలగా ఉన్న కాళ్లు జంటగా లేచిపడుతుంటే కొత్తవారు జీను మీద ఎగిరెగిరి పడతారు. అందుకే ఒక దెబ్బకు లేచి, మరో దెబ్బకు కూర్చోవడం నేర్పిస్తారు. రికాబులను తన్ని లేవనక్కర్లేదు. గుర్రమే పైకి విసురుతుంది, తుంటిని కాస్త ముందుకు పోనిస్తే చాలు. గుండ్రంగా తిరిగేటప్పుడు బయటివైపు ముందుకాలు ముందుకు సాగినప్పుడు లేవాలి. ‘ఒకటి, రెండు’ అని పైకే లెక్కపెట్టండి. లయ దొరకడం ఒక లాభం, మాట్లాడేవాడు ఊపిరి బిగబట్టలేకపోవడం ఇంకో లాభం. ఊపిరి బిగబడితే వెన్ను కర్రలా బిగుసుకుంటుంది. ఒంటిమీద ఈగ వాలినా గుర్తించే జంతువుకు ఆ బిగువు తెలియకుండా ఉంటుందా?

చూపు కూడా ముఖ్యమే. మన తల బరువు సుమారు 5 కిలోలు. గుర్రం మెడ వైపు చూస్తూ కూర్చుంటే ఆ బరువంతా ముందుకు వాలుతుంది. వెళ్లాల్సిన చోటువైపు చూడండి.

గుర్రం లేని రోజుల్లో నడుము, పొట్ట కండరాలకు కసరత్తు చేయండి, ఒంటికాలి మీద నిలబడటం సాధన చేయండి. సిటీ బస్సులో రోజూ నిలబడి వెళ్లేవారు ఏదీ గట్టిగా పట్టుకోకుండానే మోకాళ్లు వదులుగా ఉంచి కుదుపుల్ని సర్దుకుంటారు చూడండి, జీను మీద కావాల్సిందీ అదే.

క్లాసుకు ఓ అరగంట ముందు వెళ్లి లాయంలో గడపమని నేను తప్పక చెబుతాను. గుర్రాలను చూసుకునే సైస్‌ను ‘భాయ్’ అని పలకరించి, గుర్రానికి బ్రష్ చేయడం నేర్పమనండి. ఏ గుర్రం దేనికి బెదురుతుందో ఆయనకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. గుర్రానికి చుట్టూ దాదాపు అంతా కనిపిస్తుంది కానీ నుదుటి ఎదురుగా, తోక వెనక కనిపించదు. అందుకే ఎప్పుడూ భుజం పక్క నుంచి, మాట్లాడుతూ దగ్గరికి వెళ్లాలి. చెవులు వెనక్కి అణిచిపెట్టిందంటే చిరాకు పడుతోందని లెక్క. 400 కిలోలకు పైబడిన జీవి తర్వాత ఏం చేస్తుందో ముందే కొంత పసిగట్టగలిగితే గుండెదడ దానంతటదే తగ్గుతుంది.

పడటం గురించీ మాట్లాడుకోవాలి. నిలబడి ఉన్న గుర్రం మీది నుంచి, రెండు పాదాలూ రికాబుల్లోంచి తీసి ఒక్కసారిగా దిగడం ముందే సాధన చేయాలి. పడ్డవెంటనే మళ్లీ ఎక్కాలనే పాత మాట నాకు నచ్చదు. తలకు దెబ్బ తగిలిందనుకుంటే ఆ రోజుకు స్వారీ ఆపి డాక్టరు దగ్గరికి వెళ్లాలి. దెబ్బ తిన్న హెల్మెట్ పైకి బాగానే కనిపించినా మార్చేయాలి. ఏమీ కాలేదని తేలితే మామూలు నడకతో మొదలుపెట్టవచ్చు. చెప్పులతో, మడమ లేని షూలతో ఎక్కకండి, పాదం రికాబులోంచి అవతలికి జారి ఇరుక్కుంటుంది.

స్కూలు ఎంచుకునేముందు ఎవరిదో ఒక క్లాసు మొత్తం పక్కన కూర్చుని చూడండి. కొత్తవారి హెల్మెట్ పట్టీ ఎవరైనా సరిచూస్తున్నారా? ఎక్కేముందు జీను కింది పట్టీ బిగువు చూస్తున్నారా? మొదటి రోజే గుంపులో పడేసి ట్రాట్ చేయిస్తున్నారా? చివర్లో జీను తీసేటప్పుడు దగ్గరికెళ్లి గుర్రం వీపు చూడండి. జీను ఒరిపిడికి పుండ్లు పడి ఉంటే అక్కడ ఫీజు కట్టకండి.