మినీ ట్రాక్టర్‌తో కారు లాగొచ్చా?

ప్రశ్న: మామిడి తోటలో అంతరసేద్యానికి 24 హెచ్‌పీ మినీ ట్రాక్టర్ కొన్నాం. మొన్న మా తమ్ముడి బొలెరో తోట దగ్గరే ఆగిపోయింది. మెకానిక్ షెడ్డు రెండు కిలోమీటర్లు, మధ్యలో కాలువ గట్టు ఎక్కి దిగాలి. తాడు కట్టి లాక్కెళ్దామంటే మా నాన్న ససేమిరా అన్నారు. ఇంత ట్రాక్టర్ ఒక్క బండిని లాగలేదా?
– ఓ రైతు, నూజివీడు

జవాబు: లాగుతుంది. మీ నాన్నగారు భయపడింది లాగడం గురించి కాదనుకుంటా, ఆపడం గురించి. చదునైన తారురోడ్డు మీద టన్నున్నర బండి దొర్లడానికి ఇరవై ముప్పై కిలోల లాగుడు చాలు. పది మీటర్లకు ఒక మీటరు లేచే గట్టు ఎక్కాలంటే మరో 150 కిలోలు కావాలి. దిగేటప్పుడు అదే 150 కిలోలు మీ వెనక నుంచి తోసుకొస్తాయి. తాడుకు లాగడమే వచ్చు, వెనక్కి పట్టి ఉంచడం రాదు. మినీ ట్రాక్టర్లు చాలావరకు బొలెరో కంటే తేలిక, బ్రేకులేమో వెనక చక్రాలకే. కాబట్టి అసలు బ్రేకు కారులో కూర్చున్న మనిషి కాలి కింద ఉంది. ఇంజిన్ ఆగాక రెండు మూడుసార్లు తొక్కేసరికి ఆ పెడలూ రాయిలా బిగుసుకుంటుంది, పవర్ స్టీరింగ్ కూడా మొరాయిస్తుంది. ఆ గట్టును తాడుతో దాటొద్దు. గట్టి ఇనుప టో బార్ దొరికితే, కారు బ్రేకు పనిచేస్తుంటే ఆలోచించండి. లేదంటే రికవరీ వ్యాన్‌ను పిలవండి.

చదును దారి వరకైతే లాగొచ్చు. ట్రాక్టర్ వైపు డ్రాబార్‌కే కట్టాలి. టాప్ లింక్‌కు గానీ సీటు వెనక ఫ్రేముకు గానీ కట్టారో, లాగుడు పెరిగేకొద్దీ ముందు చక్రాలు లేస్తాయి. రెండు సెకన్లలోపే ట్రాక్టర్ వెనక్కి తిరగబడి డ్రైవర్ మీద పడొచ్చు. క్లచ్ తొక్కే వ్యవధి కూడా ఉండదు. కారు వైపు కంపెనీ ఇచ్చిన టో హుక్‌కే కట్టాలి. చాలా కార్లలో అది జాకీతో పాటు డిక్కీలో ఉంటుంది, బంపర్ మీది చిన్న మూత తీసి బిగించాలి. బంపర్‌కూ సస్పెన్షన్‌కూ కట్టడం మనవాళ్లకు అలవాటే గానీ, చివరికి బంపర్ ఒక్కటే షెడ్డు చేరుతుంది.

బయలుదేరే ముందు ట్రాక్టర్ ఎడమ, కుడి బ్రేకు పెడళ్లను లాక్ వేసి కలపండి. దుక్కిలో మళ్లడానికి వాటిని విడదీసి మర్చిపోతాం. రోడ్డు మీద ఒక్కటే పడితే ట్రాక్టర్ గిర్రున తిరుగుతుంది. లో గేరు వేసి తాడు సడలు మెల్లగా తీసి కదలండి. గుంజి లాగితే నైలాన్ మోకు సాగి తెగుతుంది, తెగిన కొస మనిషిని చంపగలదు. కాబట్టి తాడు దరిదాపుల్లో ఎవరూ నిలబడకూడదు.

కారులో లైసెన్సున్న మనిషి ఉండాలి. తాళం ఆన్‌లో ఉండాలి, లేకపోతే స్టీరింగ్ లాకైపోతుంది. గేరు న్యూట్రల్‌లో, హ్యాండ్ బ్రేకు కిందికి. చట్టం ప్రకారం రెండు బండ్ల మధ్య దూరం అయిదు మీటర్లు మించకూడదు, వెనక బండికి 'ఆన్ టో' అని బోర్డు పెట్టాలి. మన ఊళ్లలో ఆ బోర్డు నేనెప్పుడూ చూడలేదు, అట్ట ముక్క మీద రాసినా మేలే. వేగం నడక కంటే కాస్త ఎక్కువ, అంతే. చీకటి పడ్డాక అసలు వద్దు.

ప్రశ్న: మాది ఆటోమేటిక్ కారు. న్యూట్రల్‌లో పెట్టి లాగితే చాలదా?
– ఓ పాఠకురాలు, ఖమ్మం

జవాబు: చాలదమ్మా. మామూలు ఆటోమేటిక్ గేరుబాక్సుకు ఆయిల్ అందించే పంపు ఇంజిన్‌తోనే తిరుగుతుంది. ఇంజిన్ ఆగి చక్రాలు తిరిగితే లోపలి భాగాలు ఆయిల్ లేకుండా అరిగిపోతాయి. కరెంటు కార్లలో చక్రాలు తిరిగితే మోటారూ తిరిగి కరెంటు పుట్టిస్తుంది, అది ఇంకో తంటా. ఈ రెండింటినీ చదును లారీ మీద ఎక్కించి తీసుకెళ్లడమే. ఏఎంటీ (ఆటోమేటెడ్ మాన్యువల్) కారైతే దాని పుస్తకంలో ఏం రాశారో చూడండి.

ప్రశ్న: టెక్సాస్‌లో మా అబ్బాయి ఇంట్లో గడ్డి కోసే గార్డెన్ ట్రాక్టర్ ఉంది. ఆగిపోయిన కారును దాంతో గ్యారేజీలోకి లాగుతానంటున్నాడు. లాగొచ్చా?
– ఓ విశ్రాంత ఉపాధ్యాయుడు, గుంటూరు

జవాబు: వద్దనండి. అది మన ట్రాక్టర్‌కు పేరుకే చుట్టం. కారు బరువులో పావు వంతు ఉంటే ఎక్కువ. దాని టైర్లు గడ్డి పాడవకుండా చేసినవి, కాంక్రీటు మీద అంత బరువు లాగేటప్పుడు జారతాయి. చాలావాటిలో హైడ్రోస్టాటిక్ గేరుబాక్సు ఉంటుంది, బరువుకు అందులో ఆయిల్ వేడెక్కి పాడవుతుంది. వెనకున్న రేకు హిచ్ చిన్న ట్రాలీ కోసం పెట్టింది. ఎంత బరువు లాగొచ్చో దాని పుస్తకంలో ఉంటుంది, కారు ఆ లెక్కలోకి రాదు. వాకిలి చదునుగా ఉంటే ఒకరు స్టీరింగ్ దగ్గర కూర్చుని ఇద్దరు నెడితే సరిపోతుంది. వీధి వైపు వాలు ఉంటే నెట్టే పని కూడా పెట్టుకోవద్దు. అక్కడి వాహనదారుల సంఘం ఏఏఏలో సభ్యత్వం ఉంటే ఒక్క ఫోన్‌కు టో ట్రక్కు వస్తుంది.