పాత జీపులో కొత్త ఇంజను

ఇంగ్లండులో ఒక విచిత్రమైన అభిరుచి ఉన్నది. అక్కడ కొందరు మోటారు కారును పూర్తిగా తయారైన వాహనంగా కాక విడి భాగాలుగా కొని, ఇంటివద్ద తామే బిగించుకొంటారు. దానిని కిట్ కారు అంటారు. 1957లో వెలువడిన లోటస్ సెవెన్ ఈ కోవలో పేరుపొందినది. తయారైన కారుపై ఆ దేశంలో విధించిన కొనుగోలు పన్ను విడి భాగాలకు తప్పేది గనుక చాలామంది ఈ మార్గం పట్టారు. 1973లో ఆ పన్ను పోయినను అభిరుచి పోలేదు. అట్టి కార్లలో పాతబడిన ఫోర్డు ఇంజనును దించి నవీనమైన ఇంజనును ఎక్కించడం నేటికీ అక్కడి ఔత్సాహికులకు ప్రీతిపాత్రమైన పని.

మన కరీంనగర్, ఆదిలాబాద్ సీమలలో కిట్ కారు వాడుక లేదు. అయితే దానికి దగ్గరి చుట్టం ఒకటి మన బాటల మీద చిరకాలం తిరిగింది. అది జీపు. మన దేశంలో అమ్మిన జీపు కూడా మొదట విడి భాగాలుగానే వచ్చినదని విద్యార్థులలో ఎందరికి తెలుసు? 1945లో మహీంద్రా సోదరులు, మాలిక్ గులాం మహమ్మద్ కలిసి స్థాపించిన సంస్థ అమెరికాలోని విల్లీస్ కంపెనీ జీపుల భాగాలను తెప్పించి బొంబాయి మజగాఁవ్‌లో బిగించింది. అట్లు బిగించిన తొలి జీపు 1949లో బయటికి వచ్చింది. అప్పటికే గులాం మహమ్మద్ పాకిస్తాన్ తొలి ఆర్థిక మంత్రి అయినారు. 'మహీంద్రా అండ్ మహమ్మద్' అన్న సంస్థ పేరు 1948లో 'మహీంద్రా అండ్ మహీంద్రా'గా మారింది. ఆయన అంతకు పూర్వం మన నిజాం ప్రభుత్వానికి ఆర్థిక సలహాదారుగా పనిచేసినవారే అన్నది ప్రసంగవశాన జ్ఞాపకం చేసుకొనదగినది.

తరువాతి జీపులలోని 'హరికేన్' పెట్రోలు ఇంజను 2199 ఘన సెంటీమీటర్లది. గట్టిదే, కాని దాహం ఎక్కువ. 1973 తరువాత చమురు ధరలు పెరిగినకొద్దీ జీపుల యజమానులు డీజిల్ వైపు చూశారు. ఉట్నూరు, జైనూరు, కెరమెరి వంటి తావుల చుట్టూ బస్సు పోని ఊళ్ళకు జీపే ఆధారమైనందున ఇది విలాసం కాదు, బ్రతుకుతెరువు. పెట్రోలు ఇంజను దించి, ట్రాక్టరు జాతి డీజిల్ ఇంజనో, 1980లలో మహీంద్రావారే తమ జీపులలో పెట్టిన ప్యుజో ఇంజనో ఎక్కించడం ఇట్లు వాడుకలోకి వచ్చింది. ఇంజను మారినంత మాత్రాన పని అయిపోయినట్లు భావించడమే ఇందులో ప్రమాదం. ఇంజను ఒక్కటే మారినా లెక్క మాత్రం చక్రం వరకు, బ్రేకు వరకు మారుతుంది. ఆ లెక్కనే ఇక్కడ వివరింపదలచినాము.

మొదట 'నవీనమైన' అన్న మాటకు అర్థం చూద్దాము. హరికేన్ ఇంజనులో సిలిండరు వ్యాసం సుమారు 79 మిల్లీమీటర్లు, పిస్టన్ నడిచే దూరం 111 మిల్లీమీటర్లు. ప్యుజో ఇంజనులో వ్యాసం 90, దూరం 83; మొత్తం 2112 ఘన సెంటీమీటర్లు. మొదటిది సన్నగా పొడవుగా ఉన్న ఇంజను, రెండవది లావుగా పొట్టిగా ఉన్నది. నిమిషానికి 4000 చుట్లు తిరిగేటప్పుడు హరికేన్ పిస్టన్ సగటు వేగం సెకనుకు 14.8 మీటర్లు. అదే చుట్లలో ప్యుజో పిస్టన్ వేగం 11 మీటర్లే. పొట్టి నడక గల ఇంజను తక్కువ అరుగుదలతో ఎక్కువ చుట్లు తిరుగగలదు. ఘన సెంటీమీటర్లు ఇంచుమించు సమానమే అయినా రెండింటి స్వభావం వేరు.

ట్రాక్టరు ఇంజను స్వభావం దీనికి పూర్తిగా విరుద్ధం. అది పొలంలో నెమ్మదిగా లాగడానికి పుట్టింది. 2000 చుట్ల వద్దే దాని శక్తి ముగుస్తుంది. పాత జీపు వెనుక ఇరుసులోని క్రౌన్, పినియన్ నిష్పత్తి 5.38. అనగా టాప్ గేరులో ఇంజను 5.38 చుట్లు తిరిగితే చక్రం ఒక్క చుట్టు తిరుగుతుంది. చక్రం చుట్టుకొలత సుమారు 2.2 మీటర్లు. 2000ను 5.38తో భాగించి, 2.2తో గుణించి, గంటకు లెక్కగడితే 49 కిలోమీటర్లు వస్తుంది. అంతకు మించి ఆ జీపు పోదు. పెట్రోలు ఇంజనుతో 4000 చుట్లకు అదే జీపు 98 వరకు పోగలిగేది.

దీనికి మిస్త్రీలు ఎన్నుకొనే ఉపాయం క్రౌన్, పినియన్ మార్చడం. 4.27 నిష్పత్తి పెడితే వేగం 49 నుండి 62కు పెరుగుతుంది. కాని ఊరకే ఏదీ రాదు: చక్రం వద్ద లాగే బలం అయిదవ వంతు తగ్గుతుంది. చదునైన కరీంనగర్ రోడ్డు మీద ఆ లోటు కనబడదు. కెరమెరి ఘాట్ ఎక్కేటప్పుడు కనబడుతుంది. ఇంకొక సంగతి. జీపుకు నాలుగు చక్రాలకూ శక్తినిచ్చే ఏర్పాటు ఉన్నది. ఖర్చుకు వెరచి వెనుక ఇరుసులో మాత్రమే నిష్పత్తి మార్చి, ముందు ఇరుసును అట్లే వదిలితే, బురదలో ఆ ఏర్పాటును వాడినప్పుడు ముందు చక్రాలొక వేగాన్ని, వెనుక చక్రాలొక వేగాన్ని కోరుతాయి. అప్పుడు పళ్ళు విరగవలసిందే.

ఇక బిగింపు. కొత్త ఇంజను వెనుక ముఖానికి, పాత గేరు పెట్టె ముందు ముఖానికి బోల్టు రంధ్రాలు కలియవు. మధ్య ఒక ఉక్కు పలక అవసరం. దానిని లేత్ మీద తిప్పేటప్పుడు ఇంజను ఇరుసు, గేరు పెట్టె ఇరుసు ఒకే రేఖ మీద ఉండేటట్లు చూడాలి. వెంట్రుకవాసి తేడా ఉన్నా క్లచ్ ప్లేటు, బేరింగు త్వరగా పోతాయి. మన షెడ్లలో ఉస్తాద్ షాగిర్ద్‌కు చేయి పట్టి నేర్పే విద్య ఇది. పానా, పేచ్‌కస్ అన్న మాటలు తెలుగు కుర్రవాడి నోట కూడా అంత సహజంగా పలకడం ఆ షెడ్ల పుణ్యమే. పుస్తకంలోని లెక్క, షెడ్డులోని చేతివాటం ఒకచోట కలియాలంటే కళాశాల యాజమాన్య సంఘంవారు ఒక పాత ఇంజనును కోసి, లోపలి భాగాలు కనబడేటట్లు ప్రయోగశాలలో నిలబెట్టించాలని మా విన్నపం.

అన్నిటికంటె ముఖ్యమైనది ఆపడం. పాత జీపు బ్రేకు డ్రమ్ములు తొమ్మిది అంగుళాలవి. వేగం 50 నుండి 70కి పెరిగితే ఆపవలసిన శక్తి ఇంచుమించు రెట్టింపు అవుతుంది, ఏలనన అది వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. డీజిల్ ఇంజను బరువెక్కువ గనుక ముందు కమాను పట్టీలు కూడా వంగుతాయి. పైగా పెట్రోలు ఇంజనులో పెడలు వదిలితే గాలి దారి మూసుకొని ఇంజనే బండిని వెనుకకు పట్టి ఉంచుతుంది. అనేక డీజిల్ ఇంజన్లలో గాలి దారికి ఆ మూత లేదు. ఆ పట్టు అంతగా ఉండదు. నిర్మల్ వద్ద మహబూబ్ ఘాట్ దిగే డ్రైవరు పాత అలవాటు చొప్పున ఇంజనును నమ్ముకొంటే భారమంతా ఆ తొమ్మిది అంగుళాల డ్రమ్ముల మీద పడుతుంది. కాగిన డ్రమ్ము పట్టు వదులుతుంది. వెనుక కూర్చున్న కూలీలకు, బడిపిల్లలకు ఇంజను మారిన సంగతే తెలియదు.

కంపెనీలు ఈ పనిని ఎట్లు చేస్తాయో చూడాలంటే అంబాసిడర్ మంచి ఉదాహరణ. మారిస్ ఆక్స్‌ఫర్డు మూసలో పుట్టిన ఆ కారులో చిరకాలం 1489 ఘన సెంటీమీటర్ల ఇంజను ఉండేది. 1990ల ఆరంభంలో హిందుస్తాన్ మోటార్స్‌వారు అందులో జపాను ఇసుజు వారి 1.8 లీటర్ల ఇంజను పెట్టారు. దానితోపాటు గేరు పెట్టెను కూడా మార్చి అయిదు గేర్లు ఇచ్చారు. 2014లో తయారీ ఆగేవరకు ఆ పాత శరీరం కొత్త ఇంజనులతో నడిచింది.

చట్టం సంగతి క్లుప్తంగా చెప్పవచ్చును. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీనిని మరల స్పష్టపరచింది. గ్యాసు, బ్యాటరీ వంటి వేరొక ఇంధనానికి మార్చే కిట్లను మాత్రం నియమాలకు లోబడి అమర్చుకొనవచ్చును. కనుక నేటి విద్యార్థి చేతికి రాబోయేది బహుశః డీజిల్ ఇంజను కాదు, విద్యుత్ మోటారు. అది కదలిన క్షణం నుండే తన పూర్తి బలంతో లాగుతుంది. పాత గేరు పళ్ళు దానికి తట్టుకొంటాయా, బ్యాటరీల బరువు ఏ ఇరుసు మీద పడుతుంది, ఆ బరువును ఏ డ్రమ్ము ఆపుతుంది అన్న లెక్కలు బండి కింద పడుకొనక ముందే కాగితం మీద వేయవలసినవి.