శాంతియుత సభ – పోలీసు బలప్రయోగం

మా చిత్తూరు రైతుకు బోరే దిక్కు, బోరుకు కరెంటే ప్రాణం. అందుకే బషీర్‌బాగ్ సంగతి మనకు దూరంది కాదు. 2000 ఆగస్టు 28న హైదరాబాదులో, కరెంటు చార్జీల పెంపును నిరసిస్తూ అసెంబ్లీ వైపు కదిలిన జనంపై పోలీసులు లాఠీలు ఝళిపించారు, ఆపైన కాల్పులు జరిపారు. ముగ్గురు చనిపోయారు.

ఆయుధాలు లేకుండా శాంతియుతంగా సమావేశమయ్యే హక్కును రాజ్యాంగం 19(1)(బి) అధికరణంలో పౌరులకిచ్చింది. శాంతిభద్రతల కోసం సహేతుకమైన ఆంక్షలు పెట్టవచ్చునని 19(3) చెబుతుంది. కానీ ఆంక్ష వేరు, ప్రాణం తీయడం వేరు.

చట్టంలో ఒక వరుస ఉంది. గుంపు చట్టవిరుద్ధమైనదో, శాంతికి భంగం కలిగించేదో అయితే, ముందు చెదిరిపొమ్మని ఆజ్ఞాపించాలి. వినకుంటేనే బలప్రయోగం. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 129వ సెక్షన్, 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 148వ సెక్షన్, రెండూ చెప్పేదిదే. రాంలీలా మైదానంలో అర్ధరాత్రి నిద్రపోతున్నవారిపై జరిగిన పోలీసు చర్యను 2012లో సుప్రీంకోర్టు తప్పుపట్టింది.

లాబ్‌లో టైట్రేషన్ చేసేటప్పుడు యాసిడ్‌ను చుక్కచుక్కగా వదులుతాం. ఒక్కసారిగా కుమ్మరిస్తే ప్రయోగం చెడుతుంది, మళ్ళీ చేసుకుంటాం. తుపాకి పేలాక మళ్ళీ చేసేదేముంది? తిరుపతిలో చదువుకునే మనం ఈ వరుసను ఊళ్ళో నలుగురికీ చెప్పాలి. మన చేతిలోనూ రాయి ఉండకూడదని కూడా చెప్పాలి.