ఆటే తొలి పాఠం

పాఠ్యభాగ ఉద్దేశం

పసిపిల్లల విద్యలో ఆటకు, క్రమబద్ధమైన దినచర్యకు గల స్థానాన్ని తెలియజేయడం, మూడేండ్ల వయస్సులోనే పిల్లలచేత తొందరపడి అక్షరాలు దిద్దించడం ఎంతవరకు మేలో విద్యార్థులను ఆలోచింపజేయడం ఈ పాఠ్యభాగ ఉద్దేశం.

పాఠ్యభాగం

ఉదయం తొమ్మిది గంటల వేళ. ఒక గ్రామంలోని అంగన్‌వాడీ కేంద్రాన్ని ఊహించుకుందాం. గుమ్మం దగ్గర మూడేండ్ల బాలుడు తల్లి కొంగు వదలకుండా ఏడుస్తున్నాడు. తల్లి కళ్ళలోనూ నీళ్ళు నిలిచాయి. టీచరు బాలుణ్ణి బలవంతంగా లోపలికి లాగలేదు. తల్లిని చాటుగా వెళ్ళిపొమ్మని కూడా చెప్పలేదు. "నేను పనికి వెళ్ళి వస్తాను నాన్నా. నువ్వు ఆడుకొని, అన్నం తిని, పడుకొని లేచేసరికి వచ్చేస్తాను" అని తల్లిచేతనే చెప్పించింది. చెప్పకుండా వెళ్ళిన తల్లికోసం పిల్లవాడు రోజంతా గుమ్మంవైపే చూస్తుంటాడు. చెప్పి వెళ్ళిన తల్లి చెప్పినట్లే తిరిగి వస్తే, కొద్దిరోజుల్లోనే వాడికి ధైర్యం చిక్కుతుంది. మాట మీద నమ్మకమే ఆ పసివాడు బడిలో నేర్చుకొనే మొదటి విషయం. దానికి పలకా బలపమూ అక్కరలేదు.

చదువంటే అక్షరాలు, అంకెలు మాత్రమేనన్న భావం మనలో బలంగా పాతుకొనిపోయింది. కాని పసిపిల్లలకు ఆటయే చదువని గుర్తించిన విద్యావేత్తలు చాలాకాలం క్రితమే ఉన్నారు. జర్మనీకి చెందిన ఫ్రోబెల్ 1837లో బ్లాంకెన్‌బర్గ్ పట్టణంలో పసిపిల్లల పాఠశాలను ప్రారంభించి, తరువాత దానికి 'కిండర్‌గార్టెన్', అంటే 'పిల్లల తోట' అని పేరు పెట్టాడు. ఉన్ని బంతులు, కొయ్య దిమ్మలే అక్కడి పాఠ్యసామగ్రి. వైద్యురాలైన మరియా మాంటిస్సోరి 1907లో రోమ్ నగరంలోని పేదల వాడలో 'పిల్లల ఇల్లు' పేరుతో బడిని నెలకొల్పింది. ఆమె 1939లో మన దేశానికి వచ్చి, మద్రాసులోని అడయారులో ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చింది.

మన దేశంలోనూ ఈ మార్గంలో కృషి చేసినవారు ఉన్నారు. గుజరాత్‌కు చెందిన గిజుభాయి బధేకా న్యాయవాద వృత్తిని విడిచి, 1920లో భావనగర్‌లో బాలమందిరాన్ని స్థాపించాడు. పిల్లలపట్ల ఆయన చూపిన వాత్సల్యానికి ప్రజలు ఆయనను 'మీసాలున్న అమ్మ' అని పిలుచుకొన్నారు. ఆయన బాటలో నడిచిన తారాబాయి మోడక్, ఆమె సహచరి అనుతాయి వాఘ్ 1945లో మహారాష్ట్రలోని బోర్డీ గ్రామంలో పనిచేయడం మొదలుపెట్టారు. పేద, గిరిజన కుటుంబాల పిల్లలు బడికి రాలేకపోతే, బడినే వారి ఇంటి వాకిట్లోకి తీసుకొనిపోయారు. 'అంగన్' అంటే ఇంటి ముంగిలి. ముంగిట్లో వెలసిన బడి అంగన్‌వాడీ. 1975 అక్టోబర్ 2వ తేదీన సమగ్ర శిశు అభివృద్ధి సేవా పథకం ప్రారంభమైన తరువాత ఈ పేరు దేశమంతటా పల్లెపల్లెకూ పరిచయమయింది.

ఇక మనం ఊహించుకొన్న కేంద్రంలోకి తిరిగి వద్దాం. పిల్లలందరూ చాపమీద గుండ్రంగా కూర్చున్నారు. టీచరు ఒక్కొక్కరినీ పేరుపెట్టి పలకరించింది. "ఇవాళ దారిలో ఏం చూశావు?" అని అడిగింది. ఒకరు మేకపిల్లను చూశామన్నారు, మరొకరు బస్సును చూశామన్నారు. తరువాత పాట, చేతులతో అభినయం. ఆపైన స్వేచ్ఛగా ఆడుకొనే సమయం. ఒక మూలన బొమ్మలు, ఒక మూలన కొయ్య దిమ్మలు, మరొక మూలన చిన్న చిన్న వంటపాత్రలు ఉన్నాయి. ఎవరికి నచ్చిన మూలకు వారు వెళ్ళారు. కొంతసేపటికి అందరూ ఆరుబయట ఇసుకలో ఆడుకొన్నారు. చేతులు కడుక్కొని, వరుసగా కూర్చొని భోజనం చేశారు. ఆయా చాపలు పరచింది. నిద్ర లేచిన తరువాత ఒక కథ. కథ ముగిసేసరికి తల్లులు గుమ్మంలో ఉన్నారు.

ఈ క్రమం ప్రతిదినమూ ఒకే విధంగా సాగుతుంది. పెద్దలకు ఇది విసుగు కలిగించవచ్చు. కాని మూడేండ్ల బిడ్డకు గడియారం చూడడం తెలియదు. "నాలుగు గంటలకు అమ్మ వస్తుంది" అంటే వాడికి అర్థంకాదు. "అన్నం తరువాత నిద్ర, నిద్ర తరువాత కథ, కథ తరువాత అమ్మ" అంటే అర్థమవుతుంది. దినచర్యయే పసివాడి గడియారం. తరువాత ఏమి జరుగుతుందో తెలిసిన బిడ్డ భయం లేకుండా ఆటలో లీనమవుతాడు. భోజనానికి ముందు చేతులు కడుక్కోవడం, తన వంతు వచ్చేవరకు ఆగడం, ఆడుకొన్న వస్తువును తిరిగి దాని చోట పెట్టడం వంటి అలవాట్లు ఉపన్యాసాలవల్ల రావు, రోజూ చేయడంవల్ల వస్తాయి. నిద్ర కూడా ఇందులో భాగమే. మూడు, నాలుగేండ్ల పిల్లలకు పగటినిద్రతో కలిపి రోజుకు 10 నుండి 13 గంటల నిద్ర, కనీసం 3 గంటల శారీరక చలనం అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించింది.

రెండు నెలలు గడిచాయి. ఒకరోజు ఆ బాలుడి తండ్రి వచ్చాడు. వృత్తి వడ్రంగం. "టీచరమ్మా, మావాడు బడికి వచ్చి రెండు నెలలైంది. ఒక్క అక్షరమైనా రాలేదు. పక్క ఊరి బడిలో మా అన్న కొడుకు అప్పుడే నూరు దాకా అంకెలు చెబుతున్నాడు. మీరేమో పొద్దస్తమానం ఆడిస్తున్నారు" అన్నాడు. ఆ మాటలో కోపంకంటే భయమే ఎక్కువ. తాను చదువుకోలేకపోయాడు, కొడుకు కూడా వెనుకబడిపోతాడేమోనన్న ఆవేదన అది. టీచరు నొచ్చుకోలేదు. "అన్నా, ఈ ఒక్క పూట ఇక్కడ కూర్చొని మీవాడు ఏం చేస్తున్నాడో చూడండి" అంది.

తండ్రి ఒక పక్కగా కూర్చున్నాడు. బాలుడు దిమ్మలతో మేడ కడుతున్నాడు. చిన్న దిమ్మపై పెద్ద దిమ్మ పెట్టగానే మేడ కూలింది. మళ్ళీ పెట్టాడు, మళ్ళీ కూలింది. మూడవసారి ఆగి, రెండు దిమ్మలనూ చేతుల్లోకి తీసుకొని చూశాడు. పెద్దదాన్ని కిందపెట్టి, దానిపై చిన్నదాన్ని నిలిపాడు. మేడ నిలిచింది. "పెద్దది కింద!" అని పక్కనున్న పాపకు చెప్పాడు. ఇద్దరూ కలిసి మరొక మేడ మొదలుపెట్టారు. తండ్రి ముఖంలో చిరునవ్వు మెరిసింది. తాను రోజూ కొయ్యతో చేసే ఆలోచననే కొడుకు చేస్తున్నాడు. పెద్ద, చిన్న, కింద, పైన అనే భావాలు, ఓర్పు, పొరపాటును దిద్దుకోవడం, తోటివారితో మాట కలపడం అన్నీ ఆ కాసేపటి ఆటలోనే ఉన్నాయి.

నూరు వరకు అంకెలు ఒప్పజెప్పే పసివాణ్ణి "ఐదు చింతగింజలు ఇవ్వు" అని అడిగితే, గుప్పెడు తీసి ఇవ్వడం కద్దు. వాడికి అంకెల పేర్లు వచ్చాయి గాని లెక్క రాలేదు. పంక్తిలో ఒక్కొక్కరికీ ఒక్కొక్క పళ్ళెం పెట్టిన బిడ్డ లెక్కలోని కీలకాన్ని చేతితో తెలుసుకొంటుంది. అయితే మూడేండ్లు నిండని పిల్లల చేతికి గింజలు, పూసలవంటివి ఇవ్వరాదు. నోటిలోనో ముక్కులోనో పెట్టుకొనే ప్రమాదం ఉంది. నోటిలో పట్టనంత పెద్ద వస్తువులే వారికి క్షేమం. సహజమైన రంగులతో, అంకుడు కర్రతో చేసే ఏటికొప్పాక లక్కబొమ్మలు మన ప్రాంతపు సంపద. విడిపోయే చిన్న భాగాలు లేనివాటిని ఎంచుకొంటే, అవి పసివారి చేతికి ఎంతో అనువైనవి.

వ్రాతకు తొందరపడరాదనడానికి శరీర ధర్మం కూడా ఒక కారణం. మన మణికట్టులో ఎనిమిది చిన్న ఎముకలు ఉంటాయి. పుట్టినప్పుడు అవి మెత్తని మృదులాస్థిగానే ఉంటాయి. సాధారణంగా మూడేండ్ల నాటికి రెండు మూడు మాత్రమే ఎముకగా గట్టిపడడం మొదలవుతుంది. మిగిలినవి ఏళ్ళతరబడి ఒక్కొక్కటిగా గట్టిపడతాయి. చేతి కండరాలు కూడా నెమ్మదిగానే పట్టు సాధిస్తాయి. మట్టి పిసకడం, ఇసుకలో వేలితో గీయడం, కాగితం చింపడం, చెంబుతో నీళ్ళు పోయడం ఆ చేతిని వ్రాతకు సిద్ధం చేస్తాయి. ఐదవ ఏట అక్షరాభ్యాసం చేయించి, పళ్ళెంలో పోసిన బియ్యంపై వేలు పట్టి దిద్దించిన మన పెద్దల ఆచారంలోనూ ఈ ఓర్పు కనిపిస్తుంది. గుజ్జనగూళ్ళు, దాగుడుమూతలు, చెమ్మచెక్క వంటి ఆటలు అప్పటివరకు బాలల పాఠశాలలు.

జాతీయ విద్యావిధానం 2020 మూడు నుండి ఎనిమిదేండ్ల వరకు గల కాలాన్ని పునాది దశగా పేర్కొని, ఆ దశలో ఆటల ద్వారా బోధనకు ప్రాధాన్యమిచ్చింది. మూడు నుండి ఆరేండ్ల పిల్లలకోసం కేంద్ర ప్రభుత్వం 2024లో 'ఆధారశిల' అనే పాఠ్యప్రణాళికను విడుదల చేసింది. ప్రణాళికలు ఎన్ని వచ్చినా, తల్లిదండ్రుల నమ్మకం తోడైనప్పుడే అవి ఫలిస్తాయి.

ఆ వడ్రంగి మరుసటి వారం ఒక సంచితో వచ్చాడు. అందులో తన పనిలో మిగిలిన చెక్కముక్కలు ఉన్నాయి. పిల్లల చేతికి గుచ్చుకోకుండా అంచులన్నీ చిత్రిక పట్టి నునుపు చేశాడు. "మావాడు మేడ కట్టడానికి దిమ్మలు చాలడం లేదు టీచరమ్మా" అన్నాడు.

విద్యార్థులారా! మీ ఇంట్లోనూ మూడేండ్ల తమ్ముడో చెల్లెలో, అక్క బిడ్డో ఉండవచ్చు. ఆ బిడ్డ ఇసుకలో ఇల్లు కడుతున్నప్పుడు "ఆటలు చాలు, చదువుకో" అని మందలించే ముందు ఒక్కక్షణం ఆగి చూడండి. ఆ బిడ్డ చదువుకొంటూనే ఉంది.

కఠిన పదాలు – అర్థాలు

ముంగిలి = ఇంటి ముందరి భాగం, వాకిలి
వాత్సల్యం = బిడ్డలపై ప్రేమ
లీనమగు = పూర్తిగా నిమగ్నమగు
కద్దు = కలదు, ఉంది
మృదులాస్థి = మెత్తని ఎముక వంటి పదార్థం
గుజ్జనగూళ్ళు = పిల్లలు ఆడే వంటల ఆట
చిత్రిక పట్టు = కొయ్యను నునుపు చేయు

అభ్యాసం

అ) వ్యాసరూప ప్రశ్నలు
1. "దినచర్యయే పసివాడి గడియారం" అన్న మాటను పాఠం ఆధారంగా వివరించండి.
2. వడ్రంగి ఆలోచనలో మార్పు ఎలా వచ్చిందో తెలపండి.

ఆ) సంగ్రహ సమాధాన ప్రశ్నలు
1. 'అంగన్‌వాడీ' అనే పేరులోని అర్థాన్ని, దాని నేపథ్యాన్ని వ్రాయండి.
2. మూడేండ్ల పిల్లలచేత తొందరపడి వ్రాయించరాదనడానికి కారణమేమిటి?

ఇ) ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. 'మీసాలున్న అమ్మ' అని ఎవరిని పిలిచేవారు?
2. 'కిండర్‌గార్టెన్' అంటే అర్థమేమిటి?

ఈ) సంధులు, సమాసాలు
1. అక్షరాభ్యాసం = అక్షర + అభ్యాసం – సవర్ణదీర్ఘ సంధి
2. మూడేండ్లు = మూడు + ఏండ్లు – ఉకార సంధి
3. తల్లిదండ్రులు = తల్లియును, తండ్రియును – ద్వంద్వ సమాసం

ఉ) మీ ఊరిలోని అంగన్‌వాడీ కేంద్రాన్ని ఒక పూట దర్శించి, అక్కడి పిల్లల దినచర్యను సొంతమాటల్లో వ్రాయండి.