నవంబరు రద్దీకి అక్టోబరులోనే ఏర్పాటు

జనవరి మొదటి వారంలో ఒక పెద్దావిడ మా శాఖకు వచ్చారు. రైల్వే ఉద్యోగి భార్య, కుటుంబ పెన్షనుదారు. "పోయిన నెల పెన్షను పడలేదు బాబూ, ఎందుకాపారు?" అని అడిగారు. కంప్యూటరులో చూస్తే ఆమె లైఫ్ సర్టిఫికెట్ అందలేదు. కానీ ఆమె నవంబరులో రెండుసార్లు వచ్చారు. మొదటిసారి యంత్రం వేలిముద్ర తీసుకోలేదు, "రేపు రండమ్మా" అన్నాం. రెండోసారి వరుస చూసి ఆమే వెనుదిరిగారు. ఆమె వచ్చి వెళ్లినట్టు మా దగ్గర ఎక్కడా రాసి లేదు. ఆ రోజే సర్టిఫికెట్ తీసుకున్నాం, బకాయితో సహా పెన్షను జమ అయింది. అయితే ఆ నెల మందులు ఆమె అప్పు చేసి కొనుక్కున్నారు.

సమస్య ఎక్కడుంది?

వరుసలో నిలబడినవారికి మనం సేవ చేస్తున్నాం. తిరిగి వెళ్లినవారిని, అసలు రాలేనివారిని లెక్కపెట్టడం లేదు. లోపం ఇదే.

వెసులుబాట్లు చాలానే ఉన్నాయి. కేంద్ర ప్రభుత్వ పెన్షనుదారుల్లో 80 ఏళ్లు నిండినవారు అక్టోబరు 1 నుంచే సర్టిఫికెట్ ఇవ్వవచ్చు. ఈపీఎస్-95 పెన్షనుదారులు ఏడాదిలో ఎప్పుడైనా ఇవ్వవచ్చు, ఇచ్చిన తేదీ నుంచి ఏడాదిపాటు చెల్లుతుంది. 2014 నవంబరులో జీవన్ ప్రమాణ్ వచ్చింది. వేళ్లు అరిగినవారి కోసం 2021 నవంబరులో ముఖ గుర్తింపు పద్ధతి కూడా వచ్చింది. 70 ఏళ్లు దాటినవారికి ఇంటివద్దే ఈ సేవ అందించాలని రిజర్వు బ్యాంకు 2017 నవంబరులో సూచించింది. వీటన్నిటినీ ఒక క్రమంలో పెట్టడమే మిగిలింది.

శాఖలో చేయదగినది

1. సెప్టెంబరు ఆఖరుకు పెన్షనుదారుల జాబితా తీసి, 80 నిండినవారు, 70 దాటినవారు, మిగిలినవారు అని విడదీయాలి. ఈపీఎస్ వారి పేర్ల పక్కన గడువు తేదీ రాసుకోవాలి.

2. అక్టోబరులో 80 నిండినవారికి ఫోను చేయాలి. నడవలేనివారి ఇంటికి ఎవరు, ఏ రోజు వెళ్లాలో అప్పుడే నిర్ణయించాలి. ఫోనులో ఖాతా వివరాలు, ఓటీపీ అడగకూడదు. "మేము అడగం, ఎవరడిగినా చెప్పకండి" అని ముందే చెప్పాలి.

3. నవంబరులో గ్రామాలవారీగా రోజులు కేటాయించి, ఆ పట్టిక నోటీసు బోర్డు మీద పెట్టాలి. వేరే రోజు వచ్చినవారిని మాత్రం తిప్పి పంపకూడదు.

4. కౌంటర్లకు దూరంగా ఒక బల్ల, నాలుగు కుర్చీలు, ఒక ఉద్యోగి. వేలిముద్ర పడకపోతే వెంటనే ముఖ గుర్తింపు, అదీ కుదరకపోతే కాగితం మీద సర్టిఫికెట్. "రేపు రండి" అన్న మాట ఆ బల్ల దగ్గర వినపడకూడదు.

5. కాగితం మీద తీసుకుంటే సంతకం చేసిన రసీదు ఇచ్చి, అదే రోజు కంప్యూటరులో నమోదు చేయాలి.

6. నవంబరు 20న జాబితాలో టిక్కు పడని పేర్లు చూసి, ఒక్కొక్కరికీ ఫోను చేయాలి.

ఒక జాగ్రత్త

ప్రమాణ్ ఐడీతో ఎస్సెమ్మెస్ వచ్చినంత మాత్రాన పని పూర్తయినట్టు కాదు. పీపీఓ నంబరో, ఖాతా నంబరో తప్పుపడితే సర్టిఫికెట్ తిరస్కరణకు గురవుతుంది. పెన్షనుదారు మాత్రం ఇచ్చేశాననే ధీమాతో ఉంటారు. అందుకే బల్ల దగ్గరే పాస్‌బుక్కు, పీపీఓ చూసి నంబర్లు సరిపోల్చాలి. తిరస్కరణలను వారానికోసారి పరిశీలించాలి.

దీనికి కొత్త బడ్జెట్టు అక్కర్లేదు. ఒక జాబితా, ఒక బల్ల, రోజుకు కొన్ని ఫోన్లు చాలు. సిబ్బంది తక్కువున్న శాఖలో కూడా నవంబరు ఒత్తిడి రెండు నెలలకు సర్దుకుంటుంది.

ఆ పెద్దావిడ పేరు పక్కన టిక్కు లేదని నవంబరు 20న ఎవరైనా చూసి ఉంటే, ఆమె జనవరిలో మమ్మల్ని ఆ ప్రశ్న అడగాల్సి వచ్చేది కాదు. ఈ అక్టోబరులో మా జాబితాలో మొదటి ఫోను ఆమెకే.