కలుగ ఉపాధ్యాయుని రాకెట్ గ్రంథం

పాఠ్యభాగ ఉద్దేశం: శాస్త్ర విషయాన్ని కనుగొనడం ఎంత అవసరమో, దానిని గ్రంథస్థం చేసి, సవరించి, పెంచి లోకానికి అందించడం కూడా అంతే అవసరమని విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

గ్రంథం రాయడం ఒక ఎత్తు. దానిని అచ్చు వేయించి పాఠకుని చేతికి అందించడం మరొక ఎత్తు. తాళపత్రాలలోను, వీరవిద్యావంతుల నోళ్ళలోను నిలిచిన పల్నాటి వీరుల కథను అక్కిరాజు ఉమాకాంతం 1911లో అచ్చు వేయించారు. అచ్చులోకి రావడం వల్లనే ఆ కథ కారెంపూడి, మాచర్ల, గురజాల సీమలను దాటి తెలుగువారందరికీ పాఠ్యగ్రంథమైంది. అదే ఏడాది రష్యా దేశంలో ఒక చిన్న పట్టణపు ఉపాధ్యాయుడు, మానవుడు భూమిని విడిచి గ్రహాంతరాలకు వెళ్ళే మార్గాన్ని గురించి తాను రాసినదాన్ని అచ్చులో చూసుకోవడానికి పాటుపడుతున్నారు. ఆయనే కాన్‌స్టాంటిన్ సియోల్కోవ్‌స్కీ.

సియోల్కోవ్‌స్కీ 1857 సెప్టెంబరు 17న రియజాన్ ప్రాంతంలోని ఇజెవ్‌స్కొయె గ్రామంలో జన్మించారు. చిన్నతనంలో సోకిన స్కార్లెట్ జ్వరం వల్ల వినికిడి చాలావరకు పోయింది. బడిచదువు సాగలేదు. పదహారవ ఏట మాస్కో చేరి, గ్రంథాలయాన్నే గురువుగా చేసుకుని గణిత, భౌతిక శాస్త్రాలను స్వయంగా అభ్యసించారు. తండ్రి పంపే కొద్దిపాటి సొమ్మును పుస్తకాలకు, ప్రయోగ సామగ్రికి వెచ్చించి, రొట్టెతో కడుపు నింపుకున్నారు. 1880లో బొరోవ్‌స్క్ పట్టణంలో ఉపాధ్యాయుడుగా చేరి, 1892లో కలుగ పట్టణానికి మారారు. మన నరసరావుపేటలోనో మాచర్లలోనో లెక్కలు చెప్పుకునే పంతులుగారి జీవితం ఎటువంటిదో ఆయన జీవితమూ అటువంటిదే. 1887లో అగ్నిప్రమాదం, 1908లో ఓకా నది వరద ఆయన పుస్తకాలకు, రాతప్రతులకు తీరని నష్టం కలిగించాయి.

1897లో ఆయన రాకెట్ గమనానికి మూలమైన సూత్రాన్ని సాధించారు. రాకెట్ తుది వేగం రెండు విషయాలపై ఆధారపడుతుంది. ఒకటి, వెలికి చిమ్మే వాయువుల వేగం. రెండవది, ఇంధనంతో నిండిన రాకెట్ బరువుకు, ఇంధనం ఖర్చయిన తరువాత మిగిలే బరువుకు గల నిష్పత్తి. వాయువులు సెకనుకు 4 కిలోమీటర్ల వేగంతో వెలువడుతున్నాయనుకుందాం. రాకెట్ 8 కిలోమీటర్ల వేగాన్ని అందుకోవాలంటే బయలుదేరేటప్పటి బరువు మిగిలే బరువుకు దాదాపు 7.4 రెట్లు ఉండాలి. 12 కిలోమీటర్లు కావాలంటే అది 20 రెట్లకు చేరుతుంది. వేగం కూడికగా పెరుగుతుంటే బరువు గుణకారంగా పెరుగుతుంది. అందుకే తుపాకిమందు చాలదని, ద్రవ హైడ్రోజన్, ద్రవ ఆక్సిజన్‌లను వాడాలని ఆయన సూచించారు.

ఈ పరిశోధన 1903లో ఒక శాస్త్ర పత్రికలో వెలువడింది. దురదృష్టవశాత్తు ఆ పత్రిక త్వరలోనే ఆగిపోయింది. రెండవ భాగం వెలుగు చూడటానికి 1911 వరకు ఎదురుచూడవలసి వచ్చింది. 1914లో ఆయన తన సొంత ఖర్చుతో కలుగలో ఒక అనుబంధ పుస్తకాన్ని అచ్చు వేయించారు. ఉపాధ్యాయుని జీతంలో మిగిల్చిన సొమ్ముతో చిన్న చిన్న పుస్తకాలు వేయించి, తెలిసినవారికి పంచిపెట్టడం ఆయనకు అలవాటయింది. అయితే ఆగిపోయిన పత్రికల పాత సంచికలు ఎందరికి దొరుకుతాయి? రాసినది దొరకనప్పుడు రాయనిదానితో సమానమే.

ఆ సంగతి 1923లో స్పష్టమైంది. ఆ సంవత్సరం జర్మనీలో హెర్మన్ ఓబర్త్ గ్రహాంతర రాకెట్‌ను గురించి ఒక గ్రంథం ప్రకటించారు. ఆయనకు సియోల్కోవ్‌స్కీ రచనలు తెలియవు. రష్యాలో సైతం అనేకులు ఈ ఆలోచన విదేశాల నుండి వచ్చిందనుకున్నారు. ఇరవై ఏళ్ళ కృషి మరుగున పడిపోయే ప్రమాదం ఏర్పడింది. సియోల్కోవ్‌స్కీ కలహానికి దిగలేదు. 1924లో తన 1903 నాటి పరిశోధనను కలుగలో పునర్ముద్రించారు. మిత్రుడు చిజెవ్‌స్కీ దానికి జర్మన్ భాషలో ముందుమాట రాశారు. 1926లో 1903, 1911 రచనలను ఒకచోట చేర్చి, మార్పులు, చేర్పులతో పెంచిన గ్రంథాన్ని మళ్ళీ తానే వెలువరించారు. గ్రహాంతరయానం దశలవారీగా ఎలా సాగవలసి ఉందో అందులో వివరించారు. ఏది ఏనాటి రచనో, ఏది కొత్తగా చేర్చినదో చెప్పడం గ్రంథకర్త బాధ్యత. ఆ గ్రంథం అది పాత రచనల పెంచిన కూర్పు అని ముఖపత్రం మీదనే తెలియజేసింది. 1929లో ఓబర్త్ స్వయంగా ఉత్తరం రాసి ఆయన ప్రాథమ్యాన్ని గౌరవించారు.

సొంత ఖర్చుతో రాకెట్ గ్రంథం వేసినవారు మరొకరు కూడా ఉన్నారు. సైబీరియాలో ధాన్యాగారాల నిర్మాణంలో పనిచేసిన యూరీ కొంద్రాత్యుక్, 1929లో నొవొసిబిర్‌స్క్‌లో 2000 ప్రతులు అచ్చు వేయించారు. పెద్ద నౌకను చంద్రుని చుట్టూ తిరగనిచ్చి, చిన్న వాహనంతో చంద్రునిపై దిగాలన్నది అందులోని ఒక సూచన. 1969లో అమెరికా చంద్రయాత్ర ఆ పద్ధతిలోనే జరిగింది.

చెదురుమదురుగా ఉన్న ఈ జ్ఞానాన్నంతటినీ ఒకచోట చేర్చినవారు లెనిన్‌గ్రాడ్ ఆచార్యులు నికొలాయ్ రీనిన్. 1928 నుండి 1932 వరకు గ్రహాంతరయానాన్ని గురించి ఆయన 9 సంపుటాలు వెలువరించారు. పురాణగాథల నుండి ఖగోళయాన గణితం వరకు అందులో చోటు చేసుకున్నాయి. ఒక సంపుటం పూర్తిగా సియోల్కోవ్‌స్కీకే కేటాయించారు. 1970 దశకం తొలినాళ్ళలో అమెరికా అంతరిక్ష సంస్థ ఆ సంపుటాలను ఆంగ్లంలోకి అనువదింపజేసింది. రీనిన్ పుట్టిన 1877లోనే మన కొమర్రాజు వేంకట లక్ష్మణరావు జన్మించారు. ఆయన తలపెట్టిన ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం అకారం దాటకముందే 1923లో కన్నుమూశారు. కాశీనాథుని నాగేశ్వరరావు 1930 దశకంలో దానిని పెంచి ప్రకటించడానికి పూనుకున్నారు. ఒకరు నాటినదానికి మరొకరు నీరు పోయడమే విజ్ఞాన గ్రంథాల చరిత్ర.

సియోల్కోవ్‌స్కీ 1935 సెప్టెంబరు 19న మరణించారు. 1957 అక్టోబరు 4న స్పుత్నిక్, 1961 ఏప్రిల్ 12న యూరీ గగారిన్ అంతరిక్షం చేరారు. 1975 ఏప్రిల్ 19న భారతదేశపు తొలి ఉపగ్రహం ఆర్యభట సోవియట్ రాకెట్‌పైనే ఎగిరింది. నేడు మన శ్రీహరికోట నుండి లేచే ప్రతి రాకెట్‌కూ ఆ కలుగ ఉపాధ్యాయుని సూత్రమే ఆధారం. ఒక చిన్న పట్టణంలో, కొద్దిపాటి ప్రతులలో అచ్చయినంత మాత్రాన గ్రంథం విలువ తగ్గదు. నిజాన్ని శ్రద్ధగా రాసి, తప్పులు సవరించి, కొత్తది చేర్చి, జాగ్రత్తగా నిలిపితే అది కాలాన్ని దాటి నడుస్తుంది.

కఠిన పదాలకు అర్థాలు
గ్రంథస్థం చేయు = పుస్తక రూపంలో నిలుపు
ప్రాథమ్యం = మొదట చేసినవారికి దక్కే స్థానం
నిష్పత్తి = రెండు రాశుల మధ్య గల సంబంధం
అనుబంధం = వెనుక చేర్చిన భాగం
ముఖపత్రం = పుస్తకం పేరు గల మొదటి పుట

ప్రశ్నలు
I. వ్యాసరూప సమాధానాలు రాయండి.
1. సియోల్కోవ్‌స్కీ తన గ్రంథాన్ని పెంచి పునర్ముద్రించవలసిన అవసరం ఎందుకు కలిగింది?
2. విజ్ఞాన గ్రంథాల చరిత్రలో రీనిన్, కొమర్రాజుల కృషిని పోల్చి రాయండి.

II. సంక్షిప్తంగా సమాధానాలు రాయండి.
1. రాకెట్ తుది వేగం వేటిపై ఆధారపడుతుంది?
2. కొంద్రాత్యుక్ చేసిన సూచన ఏమిటి?

III. సందర్భసహిత వ్యాఖ్యలు రాయండి.
1. రాసినది దొరకనప్పుడు రాయనిదానితో సమానమే.
2. వేగం కూడికగా పెరుగుతుంటే బరువు గుణకారంగా పెరుగుతుంది.

IV. సంధులు
గ్రంథాలయం = గ్రంథ + ఆలయం – సవర్ణదీర్ఘ సంధి
పునర్ముద్రణ = పునః + ముద్రణ – విసర్గ సంధి