ఊళ్లో ఫస్టు, ఇక్కడ వెనకబడ్డాను

ప్రశ్న: ఖరగ్‌పూర్ ఐఐటీలో మొదటి సెమిస్టర్ చదువుతున్నాను. ఇంటర్ దాకా ఎప్పుడూ ఫస్టే. మిడ్‌సెమ్‌లో గణితంలో 30కి 9 వచ్చాయి. ఇంట్లో చెప్పలేకపోతున్నాను. నేను ఇక్కడికి తగనేమో!
- ఒక విద్యార్థి, నల్గొండ

జవాబు: తగినవారే. మీ హాస్టల్ వరండాలో తిరిగేవాళ్లంతా ఎవరి ఊళ్లో వాళ్లు ఫస్టే. అందరూ ఒకచోట చేరాక ఎవరో ఒకరు వెనకబడక తప్పదు. దాన్ని తెలివి తగ్గడంగా లెక్కవేయకండి. ఇంటర్లో స్టడీ అవర్లు, వారం వారం పరీక్షలు, తలమీద నిలబడే లెక్చరర్ ఉండేవారు. చకచకా జవాబు పట్టడం నేర్పారు. ఇక్కడ లిమిట్ విలువ కనుక్కుంటే చాలదు, అది ఎందుకు ఉందో మెట్టు మెట్టుగా నిరూపించాలి. అది వేరే విద్య. ఎంత ర్యాంకు వచ్చినవాళ్లయినా కొత్తగా నేర్చుకోవాల్సిందే. అందుకే ట్యుటోరియల్ క్లాసు ఎగ్గొట్టకండి. ఇంగ్లిష్ తడబడినా సరే, సందేహం అక్కడే అడగండి. అసలు బరువు ఎండ్‌సెమ్‌ది, అదింకా మిగిలే ఉంది.

ఈ ఆదివారమే అమ్మానాన్నలకు ఫోన్ చేసి ఆ తొమ్మిది మార్కుల సంగతి చెప్పేయండి. మొదట నొచ్చుకుంటారు, మీ గొంతు విన్నాక మీ గురించే ఆలోచిస్తారు. నిద్ర పట్టకపోతే, తిండి సయించకపోతే ఆలస్యం చేయకుండా క్యాంపస్ కౌన్సెలర్‌ను కలవండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేసి రాత్రయినా పగలైనా ఉచితంగా, తెలుగులోనే మాట్లాడొచ్చు.